ఆవు నాడా, సైకిలు ట్యూబు

రాష్ట్రం రెండుగా విడిపోయిన మరుసటి ఏడాది, వానలకు ముందు, అరకు లోయలోని ఒక గ్రామీణ పశువైద్య కేంద్రానికి నన్ను బదిలీ చేశారు. నా హోదా జూనియర్ వెటర్నరీ ఆఫీసర్. పేరులో ఆఫీసరు ఉంది గానీ నేను డాక్టరును కాను. డిగ్రీ చదివిన డాక్టరుగారు మండల కేంద్రంలోని ఆసుపత్రిలో ఉంటారు. ఆయన కింద ఊళ్లలో రెండు గదుల చిన్న కేంద్రాలు ఉంటాయి. అలాంటి ఒక కేంద్రానికి నేను అధికారిని. అటెండరు పోస్టు ఖాళీ కనుక తాళం తీసేదీ, ఊడ్చేదీ కూడా నేనే. టీకాలు వేయడం, నట్టల మందు తాగించడం, చూడి పరీక్షలు, చిన్నాచితకా వైద్యం నా పని. పెద్ద కేసు వస్తే డాక్టరుగారికి ఫోన్ చేసి, ఆయన చెప్పినట్టు చేయాలి. సిగ్నలు దొరికితేనే లెండి.

నేను సైకిలు మీద తిరిగేదాన్ని. అప్పటికే మా శాఖలో అందరికీ బళ్లు వచ్చేశాయి. డాక్టరుగారు నాకన్నా చాలా చిన్నవారు. "స్కూటీకి లోను పెట్టండి సత్యవతిగారూ, సంతకం నేను చేస్తాను" అని కనిపించినప్పుడల్లా అనేవారు. నా వాదన నాకుంది. తారు రోడ్డు ఉన్నంతవరకే స్కూటీ పనికొస్తుంది. నా ఊళ్లకు వెళ్లాలంటే రోడ్డు దిగి పొలం గట్లు పట్టాలి, వాగులు, గెడ్డలు దాటాలి. గెడ్డలో నీళ్లుంటే సైకిలును భుజాన వేసుకోవచ్చు, స్కూటీని వేసుకోలేం. కొండ ఎక్కేటప్పుడు సైకిలును నేను తోసేదాన్ని, దిగేటప్పుడు నన్ను అది మోసేది. ఇద్దరికీ గిట్టుబాటుగానే ఉండేది.

నా సైకిలును ఇంకొకరు ముట్టుకుంటే నాకు నచ్చదు. చిన్నప్పుడు ఎస్.కోటలో మా అన్నయ్య సైకిలంతా విప్పేసి, మళ్లీ బిగించలేక చేతులెత్తేస్తే, మధ్యాహ్నమంతా కూర్చుని బిగించింది నేను. అప్పుడు మొదలైన పొగరు ఇప్పటికీ తగ్గలేదు. పంక్చర్లు, బ్రేకు రబ్బర్లు, చువ్వలు బిగించడం, ఫ్రీవీలు కడగడం అన్నీ నా చేతి మీదే జరగాలి. శుక్రవారం సంత దారిలో అప్పలరాజుకి సైకిలు కొట్టుండేది. నేను అటుగా వెళ్తుంటే గాలి పంపు పక్కన పెట్టి నిట్టూర్చేవాడు. "మీలాటోళ్లు ఇంకో నలుగురుంటే కొట్టు కట్టీసి మా ఊరెల్లిపోవాలండి మేడమ్" అనేవాడు. సొల్యూషన్ డబ్బా తప్ప నేను అతని దగ్గర ఏదైనా కొనేది చాలా అరుదు.

మా వృత్తిలో వాడే సామాను సైకిలుకూ బాగా పనికొస్తుంది. చిరిగిన రబ్బరు గ్లౌజులోంచి మంచి పాచ్ ముక్కలు వస్తాయి. పశువులకు మలబద్ధకం చేస్తే తాగించే లిక్విడ్ పారఫిన్ చైనుకు నూనె కన్నా శుభ్రంగా ఉంటుంది. గడువు తీరి పారేయాల్సిన సీసా ఒకటి నేను చైనుకు వాడుతున్నానని డాక్టరుగారికి తెలుసు. "మీ సైకిలుకి ఇప్పుడు సాఫీగా అవుతోందా?" అని అందరి ముందూ అడిగేవారు.

నేను చేరిన కొత్తలోనే గొంతువాపు టీకాల పని పడింది. తొలకరికి ముందే పశువులన్నిటికీ టీకా వేసేయాలి. వానలు దిగాక ఆ జబ్బు వస్తే పశువు పూట తిరక్కుండా పోతుంది. ఐసు ప్యాకులు పెట్టిన టీకాల డబ్బాను క్యారియరుకు కట్టుకుని, మందుల సంచి హ్యాండిలుకు తగిలించుకుని, ఒక ఉదయం పనసవలస బయల్దేరాను. కొండ వాలు మీద ముప్పై గడపల ఊరు. సగం దారిలో రాయి కోసుకుని వెనక టైరు నిలువునా చిరిగింది. ట్యూబుకు పాచ్ వేయడం క్షణం పని. కానీ టైరు నోరు తెరుచుకుని ఉంటే ఆ సందులోంచి ట్యూబు ఉబ్బి మళ్లీ పగులుతుంది.

మందుల సంచిలో కుట్టు సూది ఉంది. దానితో పాటు ఒక చుట్ట తెల్లని నూలు నాడా ఉంటుంది. ఈనిన పశువుకు కుట్లు వేయాల్సి వస్తే సన్నని దారం కండను కోసేస్తుంది, అందుకని ఈ వెడల్పాటి నాడా వాడతాం. దారి పక్కన కూర్చుని ఆ సూదితో, ఆ నాడాతో టైరును కుట్టాను. గట్టిగా ఉండాలని అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు రెండు వరసలు వేశాను. చుట్ట అయిపోయింది. కుట్టు ఎంత నీటుగా వచ్చిందంటే, దారిన పోయే ఇద్దరిని ఆపి చూపించాను. వాళ్లు చూసి, తలూపి, వెళ్లిపోయారు.

పనసవలసలో టీకాలు పూర్తయి డబ్బా మూత పెడుతుండగా బుద్రి పరిగెత్తుకొచ్చింది. ఊరి పై చివర ఆమె ఇల్లు. భర్త సొంబ్రు, ఒక ముసలి ఎద్దు, ఒక ఆవు, అదీ ఆ సంసారం.

"డాక్టరమ్మా, బేగి రా. ఆవు ఈనినాది గానీ పిల్లసంచి బైటికొచ్చీసినాది."

ఆ ఊళ్లలో నేను డాక్టరమ్మనే, ఎంత చెప్పినా మారలేదు. నువ్వు అనే పిలుస్తారు, అందులో చిన్నచూపేమీ ఉండదు.

వెళ్లి చూస్తే ఆవు పడుకుని ఉంది. గర్భసంచి మొత్తం తిరగబడి బయటికొచ్చి, మట్టి అంటుకుని, వాచిపోయి ఉంది. పక్కన కోడె దూడ లేవడానికి తంటాలు పడుతోంది. ఇలాంటి కేసులో గంటలు గడిచేకొద్దీ పశువు చేయి దాటిపోతుంది. ఇది డాక్టరు చేయాల్సిన పని. ఫోను పట్టుకుని గట్టెక్కి చూశాను, గీత కూడా లేదు. సొంబ్రు నా ఫోను తీసుకుని సిగ్నలు దొరికే బండరాయి దగ్గరకు పరిగెత్తాడు. నేను చేతులు కడుక్కున్నాను.

మైదానం వాళ్లకు ఇక్కడొక సంగతి చెప్పాలి. ఆ కొండల్లో చాలామంది ఆవు పాలు పితకరు. పాలు దూడవి, వాటిలో మనిషికి వాటా లేదంటారు. పాడి పెంచమని చెప్పడానికి ప్రభుత్వం జీతమిచ్చి పంపిన నేను ఆ మాట విని, టీకాలు వేసి వచ్చేసేదాన్ని. వాళ్లకు ఆవు అంటే రేపటి ఎద్దును కనే పశువు. బుద్రికున్నది ఒంటెద్దు. ఏటా పొరుగువారి దున్నకం అయ్యేదాకా ఆగి, వాళ్ల ఎద్దును అడిగి జత కట్టుకుని దున్నేవారు. అప్పటికి నేలలో పదును పోయేది.

"ఆవు పోతే దూడా పోతాది. ఈ గుంటడి కోసం ఎన్నేళ్లు సూసినానో నీకేటి తెలుసు" అని బుద్రి దూడ మెడ పట్టుకుని ఏడ్చింది. ఆమెను ఊరికే కూర్చోబెడితే లాభం లేదని ఇంట్లో పంచదార ఎంతుంటే అంత తెమ్మన్నాను.

ఆమె ఏడుపు టక్కున ఆగింది. "పంచదారేటి? ఆవుకి టీ కాత్తావేటి?"

వాచిన గర్భసంచి మీద పంచదార చల్లితే అది నీటిని లాగేస్తుంది, వాపు తగ్గుతుంది. వాపు తగ్గితేనే లోపలికి పోతుంది. ఇది చెప్పినా ఎవరూ నమ్మలేదు గానీ తెచ్చారు. రేషను డిపోలో ఇచ్చిన పంచదార ఒక ఇంట్లో గ్లాసుడు, ఒక ఇంట్లో గుప్పెడు. ఒక ముసలామె తన వంతు చేటలో పోసి తెచ్చి, ఆవు కన్నా ముందు తన నోట్లో కొంచెం వేసుకుంది.

తోక మొదట్లో మత్తు ఇంజక్షన్ ఇచ్చాను, దానితో ఆవు ముక్కడం ఆగుతుంది. పొటాష్ పర్మాంగనేట్ కలిపిన చల్లటి నీళ్లతో సంచిని కడిగి, అంటుకుని ఉన్న మాయను మెల్లగా విడదీసి, పంచదార చల్లాను. ఆవు వెనక భాగం ఎత్తులో ఉండాలి. మైదానంలో అయితే దాని కింద బస్తాలు పేర్చాలి. కొండ ఊళ్లో ఆ బాధ లేదు, తలను పల్లం వైపు తిప్పితే సరిపోయింది. ఇద్దరు ఆడవాళ్లు గోనెపట్టాతో సంచిని ఎత్తి పట్టుకుంటే, పిడికిలి బిగించి కొంచెం కొంచెంగా లోపలికి నెట్టాను. నా భుజం పీకేసింది. ఒక్కసారి చివరి భాగం జారి లోపలికి పోయింది. చుట్టూ ఉన్నవాళ్లంతా కేకపెట్టారు. గర్భసంచి ముడుచుకునే ఇంజక్షన్ ఇచ్చి, కుట్లు వేయడానికి నా మందుల సంచిలో చెయ్యి పెట్టాను.

సూది దొరికింది. నాడా లేదు. నాడా సైకిలు టైరులో ఉంది.

కుట్లు లేకపోతే మత్తు దిగగానే ఆవు మళ్లీ ముక్కుతుంది, సంచి మళ్లీ బయటికొస్తుంది. రెండోసారికి పశువు తట్టుకోదు. టైరు కుట్లు విప్పి వాడదామంటే దారి మట్టంతా అందులోనే ఉంది. కుట్ల బదులు తాళ్లతో పట్టీ కట్టే పద్ధతి ఒకటుంది. బుద్రి తాడు తెచ్చింది. అది అడ్డాకు తీగ నారతో పేనింది, ఏనుగును కట్టినా తెగదు గానీ ఆ లేత చర్మాన్ని పూటలో కోసేస్తుంది. మెత్తగా ఉండాలి, సాగాలి, తెగకూడదు. ఆ మూడూ కలిసినది నా సైకిలుకు ఉంది.

వెనక ట్యూబు నిండా పాచ్‌లే. ఆవు గట్టిగా ముక్కితే ఏదో ఒక పాచ్ దగ్గర తెగుతుంది. ముందు ట్యూబు కొత్తది. పాతదానికి పాచ్ వేసే చోటు కూడా మిగలకపోతే, నా పంతం పక్కన పెట్టి ఆ వారమే కొనుక్కున్నాను. ఒక్క నిమిషం దాన్ని చూస్తూ ఉండిపోయానని చెప్పడానికి సిగ్గుపడను. తర్వాత చక్రం ఊడదీసి, ట్యూబు లాగి, వాల్వు దగ్గర తెంపి, కత్తెరతో నిలువునా రెండు పట్టీలుగా చీల్చాను. రెంటినీ కలిపి మధ్యలో ఉంగరంలా ముడివేసి, అది యోని ద్వారం చుట్టూ ఆనేట్టు పెట్టి, రెండు కొసలు వీపు మీదుగా, రెండు కొసలు పొదుగు పక్కలుగా ముందుకు లాగి, ఛాతీ చుట్టూ గోనె మీద కట్టిన నార తాడుకు బిగించాను. మత్తు దిగాక ఆవు ముక్కింది. రబ్బరు సాగింది, మళ్లీ వెనక్కొచ్చి ఆనుకుంది. సంచి బయటికి రాలేదు. కాసేపటికి ఆవు లేచి నిలబడింది, దూడ పొదుగు వెతుక్కుంది. బుద్రి నా ముఖం వంక చూసి నవ్వింది, నేనూ నవ్వాను. ఆ రోజు అక్కడ తాగిన చోడి (రాగి) అంబలి రుచి మళ్లీ ఎక్కడా దొరకలేదు.

ఇక నేను దిగాలి. ముందు చక్రంలో గాలి లేదు, ట్యూబే లేదు. వట్టి టైరు మీద వాలు దిగితే రిమ్ము వంకరపోతుంది. సొంబ్రు వచ్చి డాక్టరుగారికి కబురు అందిందని, రేపు జీపులో వస్తారని చెప్పాడు. అతనూ, బుద్రీ వరిగడ్డిని తడిపి, కప్పు కట్టేటప్పుడు పేనినట్టు గట్టిగా పేనారు. ముగ్గురం కలిసి దాన్ని టైరులో కుక్కాం. బ్రహ్మాండంగా నడిచింది. కరకరమని శబ్దం, అక్కడక్కడా గడ్డి పోచలు బయటికి. వాలు దిగి రోడ్డెక్కే చోట మంచినీళ్లకు ఆగితే రెండు మేకలు వచ్చి నా టైరు మేయడం మొదలుపెట్టాయి.

అప్పలరాజు నన్ను దూరం నుంచే చూశాడు. లేచి నిలబడ్డాడు.

"ముందు సక్రంలో గడ్డేటండి మేడమ్? ట్యూబేటయినాది?"

"ఆవుకి వేశాను."

అతను వంగి గడ్డిని వేలితో నొక్కి చూశాడు. "ఆవుకి పంచరయిందాండీ?"

నేను అతని కొట్టు అరుగు మీద కూర్చుని, కొత్త ట్యూబు కొని, నేనే వేసుకున్నాను. అతను పక్కనే చేతులు కట్టుకుని నిలబడి చివరికి, "గాలైనా నన్ను కొట్టనియ్యండి మేడమ్" అన్నాడు. సరేనన్నాను.

మర్నాడు డాక్టరుగారు పనసవలస వచ్చి ఆవును చూశారు. ముందు మూత్రం ధారగా పోతోందా లేదా అని పరీక్షించారు. పట్టీ కట్టిన కేసులో మొదట చూడాల్సింది అదే. పోతోంది. తర్వాత నాడా ఏదని అడిగారు. టైరులో ఉందని చెప్పాను. ట్యూబు వైపు వేలు చూపించి, ఇది ఎక్కడుందో కనిపిస్తూనే ఉందన్నారు. నవ్వు ఆపుకోవడానికి అటు తిరిగి దూడను చూస్తున్నట్టు నటించారు. పట్టీని మార్చనక్కర్లేదని చెప్పి, నా కేసు పుస్తకంలో సంతకం పెట్టి వెళ్లారు. స్కూటీ మాట మళ్లీ ఎత్తలేదు.

ఆవు కోలుకున్నాక పట్టీ విప్పుతుంటే, ఆ రబ్బరు తనకిమ్మని బుద్రి అడిగింది. ఎందుకని నేను అడగలేదు. నేను రిటైరయ్యే ఏడాది తొలకరికి టీకాలకు వెళ్లినప్పుడు తెలిసింది. ఆమె పొలంలో ఊరందరికన్నా ముందు నాగలి దిగింది. ఆ కోడె దూడ ఎద్దయి, సొంబ్రు కొనుక్కొచ్చిన ఇంకో ఎద్దుతో కాడి మోస్తోంది. దాని మెడ కింద కాడికి కట్టే పట్టెడ నల్లగా, మెత్తగా, తెలిసిన వస్తువులా ఉంది. బుద్రి గట్టు మీద నుంచి కేకేసింది.

"సూడు డాక్టరమ్మా, నీ సైకిలు దున్నతన్నాది!"

కొత్తగా ఉద్యోగంలో చేరేవారికి ఈ కేసు నుంచి చెప్పగలిగింది కొంచెమే. పశువు సామాను, సైకిలు సామాను వేరువేరు సంచుల్లో ఉండాలి. నాడా రెండు చుట్టలకు తగ్గకూడదు. ఆ రోజు తర్వాత నా సైకిలు సంచిలో ఎప్పుడూ రెండు కొత్త ట్యూబులు ఉండేవి. వాటిలో ఒకటే సైకిలుది.