నీటికాకులు లేవని అధ్యాయం

పోయిన మంగళవారం పొద్దున్న కాఫీ గ్లాసు ఇంకా చేతిలో ఉండగానే ఫోను టింగుమంది. ఎప్పుడో నా పాతికేళ్ల వయసులో నేను రాసిన ఒకే ఒక్క నవలను మళ్లీ అచ్చు వేస్తున్నవాళ్ల ఆఫీసులో పనిచేసే అమ్మాయి పంపిన మెసేజి. నవలల్లోని మనుషులకు ఇష్టమైన పుస్తకమేది, ఇష్టమైన ప్రదర్శన ఏది, ఇష్టమైన ఆట ఏది అని ఒక్కో రచయిత చేతా చెప్పించి, రంగుల బొమ్మలు చేసి ఫోన్లలో పెడుతున్నారట. నా నాయికకూ ఒకటి తయారు చేసేశారు. "అన్నీ మీ నవల్లోంచే తీశామండీ, ఓకే అంటే చాలు" అని కింద రాసింది. బొమ్మ తెరిచి చూస్తే తామరపువ్వు పక్కన చక్కటి అక్షరాలతో మూడు వరుసలు ఉన్నాయి: పుస్తకం భక్తి కథలు, ప్రదర్శన హరికథ, ఆట వామనగుంటలు.

మూడూ అబద్ధాలే. రాసింది నేనే, కాదనను, అయినా అబద్ధాలే. భక్తి కథల మీద నాకేం కోపం లేదు, హరికథ వస్తే నేనూ ముందు వరసలో కూర్చున్నదాన్నే. కానీ ఆ మూడూ నా నాయికవి కావు. నా నాయిక మా మేనత్త, పేరొక్కటే మార్చాను. ఆమెకు ఏం ఇష్టమో కొల్లేటి మీది పక్షులకు కూడా తెలుసు. ఆ సంగతి ఇప్పటికైనా చెప్పకపోతే నాకు అన్నం సహించేలా లేదు.

మాది అత్తిలి దగ్గర వరిపొలాల కుటుంబం. మా నాన్న చెల్లెలిని మాత్రం కొల్లేటికోట వైపు చేపల చెరువులున్న ఇంట్లో ఇచ్చారు. బడికి వేసవి సెలవులివ్వగానే నేను గుడ్డసంచి పట్టుకుని బస్సెక్కి, తర్వాత పడవెక్కి, అత్త దగ్గర వాలిపోయేదాన్ని. మామయ్య పెద్ద చెరువులు చూసుకునేవాడు. అత్తది పిల్ల చెరువు, అంటే వేలెడంత చేపపిల్లల్ని పెంచే చిన్న చెరువు. దానికి మేత వేయడం కన్నా కాపలా కాయడమే పెద్ద పని, ఎందుకంటే ఒక్క నీటికాకి దిగితే చాలు, మునిగి లేచినప్పుడల్లా ఒక పిల్ల దాని నోట్లో ఉంటుంది. అందుకని ప్రతి గట్టు మీదా ఒక పాక, ప్రతి పాకలో ఒక రేకు డబ్బా, ఒక కర్ర ఉండేవి. పొద్దుగూకేదాకా ఆ డబ్బా వాయిస్తూ కూర్చోవడమే కాపలా.

మా అత్త డబ్బా ముట్టుకోగా నేను చూడలేదు. ఒకే రకంగా సాగే చప్పుడు రెండు రోజుల్లో పక్షులకు అలవాటైపోతుందనీ, మూడో రోజు డబ్బా పక్కనే కూర్చుని రెక్కలు ఆరబెట్టుకుంటాయనీ, గొంతు ఉన్నట్టుండి మారితేనే బెదిరి లేస్తాయనీ ఆమె కనిపెట్టింది. ఐదో తరగతి చదువుకుంది కదా, బోర్లించిన దోనె మీద కూర్చుని ఒక అపరాధ పరిశోధన నవలను గొంతెత్తి చదివేది. మెట్ల మీద అడుగుల చప్పుడు దగ్గర గొంతు తగ్గించి, తగ్గించి, తలుపు బద్దలయ్యే చోట ఒక్కసారి అరిచిందంటే నీటికాకులూ కొంగలూ కలిసి చెరువంతా ఖాళీ చేసి లేచిపోయేవి. ఆమె పేజీ తిప్పుతూ నా వైపు చూసేది. "చదవ్వే, ఇప్పుడు నీ వంతు. మెత్తగా చదివావంటే మీ మామయ్య చేపలన్నీ వాటికి ఫలహారం" అనేది. నాకు చదవడం బడిలో వచ్చింది గానీ, చదివి వినిపించడం మాత్రం ఆ గట్టు మీదే వచ్చింది.

ఆ పుస్తకం ఎలా వచ్చిందో చెప్పకపోతే అత్త మీకు సగమే తెలిసినట్టు. ఊళ్లో కిరాణా కొట్టాయన పాత పుస్తకాలు చించి పొట్లాలు కట్టేవాడు. ఓసారి జీలకర్ర పొట్లం విప్పి, ఆ కాగితం మీద లోపల గడియ పెట్టి ఉన్న గదిలో ఒక జమీందారు చచ్చి పడున్నాడని చదివి, అత్త పొయ్యి మీద కూర అలాగే వదిలేసి కొట్టుకు పరిగెత్తింది. రెండు కొర్రమీనులిచ్చి మిగతా పుస్తకం తెచ్చుకుంది. అప్పటికే అట్ట పోయింది, చివరి పాతిక పేజీలూ పోయాయి. వారం రోజులు ఇల్లిల్లూ తిరిగి పొట్లాల కాగితాలు అడిగితే మూడు దొరికాయి, అందులో ఒకటి పసుపుకొట్టుకుపోయి ఉంది. హంతకుడు మాత్రం దొరకలేదు. ఎవరింట్లోనో పోపులడబ్బా అడుగున దాక్కున్నాడని అత్త నమ్మకం. ఇక చేసేది లేక ఏడాదికొక హంతకుణ్ణి తనే తేల్చేది. ఆ ఏడు ఎవరి మీద కోపముంటే హంతకుడికి వాళ్ల పోలికలు వచ్చేవి. మామయ్యతో మాటల్లేని వేసవిలో జమీందారు బావమరిది ఉరికంబం ఎక్కాడు. పేరు తెలియని ఆ పుస్తకాన్ని నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు, ఒక్కసారీ ఒకేలా ముగియలేదు.

ఇక ప్రదర్శన అంటారా, ఆమెకు ఇష్టమైనది సైకిల్ తొక్కేవాడి ప్రదర్శన. మన కాలం వాళ్లకు వివరించక్కర్లేదు. ఊళ్లోకొచ్చి, బడి ముందు ఖాళీ స్థలంలో గుండ్రంగా ముగ్గు గీసి, ఐదు రోజులు కాలు కింద పెట్టకుండా సైకిల్ మీదే తిని, సైకిల్ మీదే బిందెడు నీళ్లు పోసుకుని, సైకిల్ మీదే గడ్డం గీసుకునే మనిషిని మీరూ చూసుంటారు. అత్త మేత పని కాగానే నన్ను లాక్కుని వెళ్లేది. అందరూ అతని విన్యాసాలు చూస్తే ఆమె అతని పాదాలే చూసేది, ఎప్పుడు కింద పెడతాడా అని. నాలుగో రోజు మధ్యాహ్నం, కళ్లు మూతలు పడుతూ కూడా కాలు దించని ఆ మనిషిని చూసి, "వీడికి నిజంగా దొంగతనం రాదే" అని ఎంతో గౌరవంగా అంది. ఇంట్లో చెప్పకుండా ఒక గిన్నెడు పులిహోర పట్టుకెళ్లి ఇచ్చింది.

ఆ గౌరవానికి కారణం, ఆట దగ్గర తను పచ్చి దొంగ. దోనె వెనక చెక్క మీద బొగ్గుతో పులిజూదం గీసి ఉండేది. నత్తగుల్లలు పులులు, చింతపిక్కలు మేకలు. పులుల్ని కదలకుండా చుట్టేస్తే మేకల పక్షం గెలిచినట్టు. అత్తవి ఎప్పుడూ మేకలే. నేను కొంగల్ని అదిలించడానికి లేచి వచ్చేసరికి, నా పులి నోట్లో పడాల్సిన మేక పక్క గడిలో క్షేమంగా ఉండేది. అడిగితే, అన్ని మేకలున్నాయి, ఏది ఎక్కడుందో నాకేం తెలుసని నా మీదికే లేచేది. మేకలు పులిని చుట్టేస్తే ఆమెకు కలిగే సంతోషం చూసి తీరాలి. అత్తవారింట్లో నలుగురు మగవాళ్ల మధ్య ఒక్కతే నెగ్గుకొచ్చిన మనిషికి ఆ ఆట ఎందుకంత ఇష్టమో నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది.

చదువయ్యాక నాకు తాడేపల్లిగూడెంలో ఒక ఆఫీసులో టైపిస్టు ఉద్యోగం వచ్చింది. మధ్యాహ్నం క్యారేజీ తిని, మిగిలిన అరగంటలో అరఠావు కాగితాల మీద అత్త నవల రాశాను. ఒక వారపత్రికకు పంపితే సంపాదకుడు జవాబు రాశారు. సీరియల్‌గా వేస్తామన్నారు. ఆ ఉత్తరం పట్టుకుని ఆఫీసు వరండాలో ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగానో. అయితే మూడో అధ్యాయం మార్చాలట. హత్యల పుస్తకాలు చదివే, సైకిల్ మీద నీళ్లు పోసుకునే మగవాణ్ణి చూడడానికి ఎగబడే, ఆటలో దొంగతనం చేసే ఆడమనిషి మీద పాఠకురాళ్లకు గౌరవం ఎలా కలుగుతుందని అడిగారు. ఏమేం పెట్టాలో కూడా ఆయనే రాశారు: భక్తి కథలు, హరికథ, వామనగుంటలు.

ఆ పాఠకురాళ్లెవరో ఆయనకు తెలియదు గానీ నాకు తెలుసు, మీరే. మనలో ఎంతమంది లెక్కల పుస్తకం మధ్యలో డిటెక్టివ్ పుస్తకం పెట్టుకుని చదవలేదో చెప్పండి. బియ్యం డబ్బాలో దాచుకున్నవాళ్లు నాకు ఇద్దరు తెలుసు, వాళ్లలో ఒకరు మా అమ్మే. అప్పుడు ఈ మాట ఆయన మొహాన రాయాల్సింది. రాయలేదు. అచ్చులో నా పేరు చూసుకోవాలన్న ఆశ నన్ను తినేస్తోంది. ఒక్క మధ్యాహ్నం కూర్చుని మార్చేశాను. అరగంట కూడా పట్టలేదు, అదే నాకు ఇప్పటికీ సిగ్గు.

మొదటి మూడు అధ్యాయాలు అచ్చయిన మూడు వారాల పత్రికలూ పట్టుకుని ఓ ఆదివారం కొల్లేటికోట వెళ్లాను. ఇదెవరి కథో అత్తకు చెప్పలేదు, చదివితే తనే కనిపెడుతుందని. ఆమె ఎప్పటిలాగే దోనె మీద కూర్చుని గొంతెత్తింది. మొదటి అధ్యాయంలో రెండుసార్లు, రెండో అధ్యాయంలో ఒకసారి పక్షులు లేచాయి. లేచినప్పుడల్లా నన్ను చూసి తలాడించింది. తనెవరో తెలిసిపోయిందని ఆ చూపులోనే నాకు తెలిసింది. తర్వాత మూడోది మొదలుపెట్టింది. భక్తి కథలు వచ్చాయి, హరికథ వచ్చింది. ఆమె గొంతు ఎక్కడ పెంచాలో తెలియక వాక్యాల మీద తడుముకుంది. ఒక కొంగ దిగింది. రెండు నీటికాకులు దిగాయి. వామనగుంటల దగ్గరకొచ్చేసరికి ఒక నీటికాకి సరిగ్గా మా కాళ్ల ముందు మునిగి చేపపిల్లతో లేచింది. ఆమె చివరి అక్షరం దాకా చదివి పత్రిక మడిచింది.

"బుద్ధిమంతురాలేనమ్మా. ఎవరే ఈవిడ?" అంది.

నేను నోరు విప్పేలోగా పాకలోకి వెళ్లి, డబ్బా, కర్ర తెచ్చుకుని వాయించడం మొదలుపెట్టింది.

తిట్టి ఉంటే బాగుండేది. ఆ తర్వాత కూడా వెళ్లినప్పుడల్లా కొర్రమీను పులుసు పెట్టింది, నా పెళ్లికి దగ్గరుండి అన్నీ చేసింది, కానీ ఏం రాస్తున్నావని మళ్లీ ఎప్పుడూ అడగలేదు. నేనూ మళ్లీ నవల రాయలేదు. ఆమె పోయి తొమ్మిదేళ్లయింది. దిద్దుకుందాం, దిద్దుకుందాం అనుకుంటూనే ఆమె ఉన్నంతకాలం దిద్దలేకపోయాను.

అందుకే మంగళవారం ఆ అమ్మాయికి ఫోన్ చేసి, బొమ్మ మార్చాలనీ, దానికన్నా ముందు పుస్తకంలో మూడో అధ్యాయం మార్చాలనీ చెప్పాను. పాపం, నెమ్మదస్తురాలు. "పేజీలన్నీ అయిపోయాయండీ, సారు ఒప్పుకోరేమో. ఇప్పటి వాళ్లకి ఇదే బావుంటుందన్నారండీ" అంది. అయితే పుస్తకమే వేయొద్దని మీ సారుకు చెప్పమ్మా, నేను సంతకం పెట్టనన్నాను. అప్పుడు ఆశ ఉండి తలొంచాను, ఈ వయసులో ఇక దేనికి వంచాలి?

మార్చకముందు రాసిన పాత అధ్యాయం ట్రంకు పెట్టెలో, పెళ్లి పట్టుచీర అడుగున భద్రంగానే ఉంది. వాళ్లకు పంపేముందు ఒక పరీక్ష మిగిలిందనిపించి, మర్నాడు ఇప్పుడు నేనుంటున్న ఏలూరులో బస్సెక్కాను. పిల్ల చెరువు ఇప్పుడు మా బావ, అంటే అత్త కొడుకు, చూసుకుంటున్నాడు. రోడ్డు గట్టు దాకా వచ్చింది, పడవ అక్కర్లేదు. చెరువు మీద ఈ చివర నుంచి ఆ చివరకు వల కప్పేశారు. డబ్బాలూ లేవు, పాకా లేదు, కాపలాకు మనిషితోనూ పని లేదు. బావ కుర్చీ తెచ్చి వేసి, ఏం చదవబోతున్నానో విని పక్కన నిలబడ్డాడు. వల అవతల కరెంటు స్తంభం మీద ఒకే ఒక్క నీటికాకి రెక్కలు చాచి కూర్చుని ఉంది. నేను లేచి నిలబడి చదివాను. జమీందారు చచ్చిపోయాడు, సైకిల్ వాడు కాలు దించలేదు, మేక గడి మారింది. తలుపు బద్దలయ్యే చోట అత్త అరిచినట్టే అరిచాను. దగ్గు తెర వచ్చింది, ఊపిరాడలేదు, కళ్లు తుడుచుకుని చూసేసరికి స్తంభం ఖాళీగా ఉంది. "అచ్చం అమ్మలాగే ఉందే" అన్నాడు బావ. "లేచింది, అత్తా" అని చెప్పడానికి అత్త లేదు.

ఆ సాయంత్రమే కాగితాలన్నీ ఫోటోలు తీసి పంపాను. నిన్న ఆ అమ్మాయి ఫోన్ చేసింది. సారు ఇంకా ఏమీ తేల్చలేదట, తను మాత్రం రెండుసార్లు చదివిందట. అత్త చదివే ఆ హత్యల పుస్తకం పేరేమిటో తెలిస్తే చివర చూసుకుందామని ఫోన్‌లో వెతికితే దొరకలేదట. ఏ కథకైనా ముగింపు ఒక్క వేలితో తెలుసుకునే కాలం ఇది, పొట్లాల కాగితాల కోసం ఇల్లిల్లూ తిరగక్కర్లేదు. కానీ అట్ట లేని పుస్తకాన్ని ఏమని వెతుకుతుంది, అది చదివిన గొంతు కూడా లేకుండా పోయాక?

"చివరికి హంతకుడెవరండీ?" అని అడిగింది.

ఏడాదికొకరమ్మా, ఆ ఏడు ఎవరి మీద కోపముంటే వాళ్లు, ఈ ఏడు మాత్రం నేనే అని చెప్పాను. మీ సారు ఆ అధ్యాయం వేయకపోతే వచ్చే ఏడాది హంతకుడు ఎవరో ఇప్పుడే తేలిపోయిందని కూడా చెప్పమన్నాను.