నాలుగో దానికి మేత

తాలూకా మొత్తంలో అన్నిటికంటే వేగమైన కారు నాదేనని నేను చెప్పుకు తిరుగుతున్న రోజుల్లో, ఆ కారు ఊరు దాటేదాకా ఎద్దుల వెనకాలే పోయేది. ముందు మా నాయన ఎద్దుల జత, మధ్యలో తాడు, వెనక నల్లద్దాలు పెట్టుకుని స్టీరింగు పట్టుకున్న నేను. చింతామణి రోడ్డు దాకా అర మైలు ఇదే ఊరేగింపు. దారిలో మా మల్బరీ తోట వస్తే ఎద్దులు అలవాటు కొద్దీ అటు తిరిగేవి. నేను దిగి, వాటిని బతిమాలి, మళ్ళీ ఎక్కి కూచునేవాణ్ణి. నల్లద్దాలు మాత్రం తీసేవాణ్ణి కాదు.

దీనికంతా కారణం మా అమ్మ పెంచే పట్టుపురుగులు. పెరిగే నెల రోజుల్లో అవి నాలుగుసార్లు మేత మాని, తల పైకెత్తి, కదలకుండా ఉండి చర్మం వదులుతాయి. మా వైపు దాన్ని జ్వరం అంటారు. జ్వరంలో ఉన్న పురుగును కదిలించకూడదు, పొగ తగలనీయకూడదు, ఘాటు వాసన సోకనీయకూడదు. ఈ జాబితాకు మా అమ్మ నా కారును చేర్చింది. జ్వరం లేని రోజుల్లోనైనా ఇంటి దగ్గర స్టార్ట్ చేస్తానంటే, జ్వరం వచ్చే ముందు అసలే చెయ్యగూడదు అనేది. జ్వరం తగ్గాకైతే, ఇప్పుడే గదా తేరుకున్నాయి అనేది. నాకు చిన్నప్పుడు జ్వరమొస్తే ఇంత మర్యాద జరిగినట్టు గుర్తులేదు.

నాలుగో జ్వరం దాటాక పురుగులు ఆకు మీద పడి తింటుంటే ఇంట్లో వాన కురుస్తున్నట్టు చప్పుడొస్తుంది. అప్పుడు మా అమ్మ గడపలో నిలబడి కళ్ళు మూసుకునేది. కాసేపటికి "ఆ మూలతట్టలో మేత తగ్గిందిప్పా" అనేది. పోయి చూస్తే నిజంగానే అక్కడ ఆకు మిగిలి ఉండేది. మేం చిన్నప్పటినుంచీ చూస్తున్నాం కాబట్టి అది విద్య అని ఎవరికీ తోచలేదు.

అప్పటికి రెండువేల ఐదో ఆరో సంవత్సరం. ఐటీఐ ముగించి, మా ఊరి దారి పెద్దరోడ్డులో కలిసే క్రాసులో రేకుల కింద ట్రాక్టర్లు, పంపుసెట్లు బాగుచేస్తుండేవాణ్ణి. బెంగళూరులో ఒక అపార్టుమెంటు కింద మూడేళ్ళుగా కదలకుండా పడున్న జపాన్ కారొకటి నా కంటబడింది. పదేళ్ళ పాతది. దాని కాలంలో గొప్ప పరుగు కలదని పేరు. నా మోటారుసైకిలిచ్చి దాన్ని తెచ్చుకున్నాను. "పొయ్యేదాన్ని ఇచ్చి పోనిదాన్ని తెచ్చినాడు" అని మా నాయన ఊళ్ళో ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పాడు.

ఏడాదిపాటు దాన్ని విప్పాను, బిగించాను. బరువు తగ్గాలని వెనక సీటు పీకేస్తే అది మా పడసాలలో సోఫా అయ్యింది. ఇంటికొచ్చిన పెద్దమనుషులు దానిమీద కూచుని నా భవిష్యత్తు గురించి మాట్లాడేవాళ్ళు. చింతామణిలో బోరు పంపులకు సామాన్లు చేసే లేతుషాపాయన ఉండేవాడు, ఈ విద్యలో నాకు గురువూ తోడుదొంగా ఆయనే. ఆయన బోరు పైపు కోసి నాకు సైలెన్సరు చేసిచ్చాడు. ఆ చప్పుడు మామూలుది కాదు. మంచేనహళ్ళి దగ్గర ఒక రైతు చెయ్యెత్తి ఆపి, "బోరు యాడ ఏస్తాండారప్పా? మా చేన్లోనూ ఒక పాయింటు చూడల్ల" అన్నాడు. వెక్కిరిస్తున్నాడనుకున్నాను. పాపం, ఆయన నా వెనక బోరు లారీ కోసం నిజంగానే వెతుకుతున్నాడు.

అంతా బాగానే ఉంది గానీ, నిలబడి ఉన్నప్పుడు ఇంజను వణికేది. "రేసు ఇంజన్లు అట్లే వణుకుతాయి, అది పొగరు" అన్నాడు లేతుషాపాయన. నాకు ఆ మాట నచ్చింది. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ అదే చెప్పాను. ప్లగ్గులు రెండుసార్లు మార్చాను, వైర్లు మార్చాను, వణుకు మారలేదు. పొగరు ఎక్కువగా ఉందనుకున్నాను. ఒకరోజు బాగేపల్లి వైపు పోతుంటే, పేరేసంద్ర దాటాక ఎత్తులో ఒక బస్సు నన్ను దాటి పోయింది. వెనక కిటికీలో కూచున్న ఒక ముసలామె, నేను కనుమరుగయ్యేదాకా నన్ను జాలిగా చూసింది. ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు.

అలాంటి సమయంలో బెంగళూరాయన ఒకడు నా జీవితంలోకి వచ్చాడు. ఆయనదీ నా కారు లాంటిదే, రేడియేటరు గొట్టం పగిలి మా క్రాసులో ఆగింది. పంపుసెట్టు గొట్టం ముక్క వేసి పంపించాను. నా కారు చుట్టూ రెండుసార్లు తిరిగి కన్నడంలో ఆయన చెప్పిందేమంటే, అలాంటి పాత కార్లున్నవాళ్ళు పదిమందిదాకా ఉన్నారు, వచ్చే నెల ఒక ఆదివారం చిక్కబళ్ళాపురంలో కలిసి బాగేపల్లిదాకా పోయి ఇడ్లీ తిని వస్తారు, నన్నూ రమ్మన్నాడు. నా బండి వాళ్ళతో సమంగా వస్తే ఆయన ఇంజను పని నాకే ఇస్తానన్నాడు, మిగతావాళ్ళకీ చెప్తానన్నాడు. ట్రాక్టర్లు వదిలి నాకిష్టమైన పని చేసుకునే దారి అదొక్కటే.

ఇంట్లో చెప్తే మా నాయన నేను ఊహించినదానికంటే తక్కువ నవ్వాడు. "ఆ ఆదివారం గడిస్తే సోమవారం కొత్త పురుగులొస్తాయి. ఏడాదిగా చంద్రికలన్నీ వాకిట్లో పెట్టుకోని ఎండకీ వానకీ చస్తాండాము. వచ్చే పంటకి షెడ్డు కావల్ల. నీకు పని దొరికితే క్రాసులో ఇంకో రేకు ఏసుకో. దొరక్కపోతే పాతినుము అంగడికి ఏసెయ్" అన్నాడు. చంద్రికలంటే పురుగులు గూళ్ళు కట్టుకునే వెడల్పాటి వెదురు తట్టలు. అవి ఉండాల్సిన షెడ్డులో ఏడాదిగా నా కారుంది. ఆయన మాటలో తప్పేమీ లేదు, అందుకే నాకు ఎక్కువ కోపమొచ్చింది.

ఆ నెలంతా రోజూ పొద్దున ఎద్దులు కట్టడం, రోడ్డెక్కాక స్టార్ట్ చెయ్యడం, క్రాసులో ఇంజను ముందు నిలబడి దాన్ని తిట్టడం. శుక్రవారానికి వణుకు ఇంకా పెరిగింది. ఆదివారం పోకపోతే మాట పోతుంది, పోతే బస్సు ముందు పోయిన మానం పదిమంది ముందు పోతుంది.

శనివారం పొద్దున గూళ్ళన్నీ మార్కెట్టుకు పోయాయి. మా అమ్మ పురుగుల ఇల్లు కడిగి, తట్టలు ఎండకేసి, పడసాలలో నా కారు సీటు మీద కూచుంది. నెలలో ఆమె చేతులు ఖాళీగా ఉండేది ఆ ఒకటి రెండు రోజులే. నేను ఎద్దుల కోసం పోతుంటే పిలిచింది.

"ఎద్దులెందుకులేప్పా. ఈపొద్దు పురుగుల్లేవు గదా. ఈడే స్టార్ట్ చెయ్."

ఏడాదిలో మొదటిసారి మా వాకిట్లో ఇంజను మోగింది. కోళ్ళు గోడెక్కాయి. ఎద్దులు లేచి నిలబడి, ఇన్నాళ్ళూ తాము లాగింది దీన్నా అన్నట్టు చూశాయి. మా అమ్మ మాత్రం లేచొచ్చి, బానెట్టు దగ్గర నిలబడి, కళ్ళు మూసుకుంది. నాకు నవ్వొచ్చింది. ఆమె చెయ్యెత్తి నన్ను ఆగమంది.

"ఇందులో ఎన్నుండాయి?" అంది.

"ఏమెన్ని?"

"లోపల కొట్టుకుంటాయే, అవి."

"సిలిండర్లా? నాలుగమ్మా."

"మూడే మేస్తాండాయి. ఒకటి మేస్తా లేదు."

అది రేసు ఇంజనని, అట్లే వణుకుతుందని చెప్పబోయాను. ఆమె వినలేదు. "నెలంతా రోడ్డు మీదనుంచి ఇంటానే ఉండా. దూరంనుంచి అనుమానంగా ఉణ్ణింది. దగ్గర ఇంటే తెలిసిపాయ" అంది. నేను పురుగుల కోసం ఊరవతల స్టార్ట్ చేస్తున్నానని విసుక్కున్న ప్రతి పొద్దునా, ఆమె ఆకు కోస్తూ నా ఇంజను వింటూ ఉందని నాకప్పుడే తెలిసింది.

నడుస్తున్న ఇంజను మీదనే ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే పీకి చూశాను. మొదటిది పీకితే ఇంజను తడబడింది. రెండోదీ, మూడోదీ అంతే. నాలుగోది పీకితే నాకు షాకు కొట్టింది గానీ ఇంజనుకు ఏమీ కాలేదు. అంటే అది ముందునుంచే పని చెయ్యడం లేదు. ట్రాక్టర్ల మీద ఇలాంటి పరీక్ష వారానికి రెండుసార్లు చేసేవాణ్ణి. దీనిమీద ఒక్కసారీ చెయ్యలేదు, ఎందుకంటే అది జబ్బని నేను ఒప్పుకోలేదు.

నాలుగోదానికి పెట్రోలు చిమ్మే ఇంజెక్టరు విప్పితే, మూడేళ్ళు ఊరికే పడున్న ట్యాంకులోని సన్నటి తుప్పు దాని నోట్లో అడ్డం పడి ఉంది. పెట్రోల్లో నానబెట్టి, బ్యాటరీ తీగలు తగిలించి మళ్ళీ మళ్ళీ టిక్కుమనిపించి, సైకిలు పంపుతో గాలి కొట్టాను. సాయంత్రానికి బిగించి స్టార్ట్ చేస్తే వణుకు లేదు. పొగరు మొత్తం ఆ చిటికెడు తుప్పులో ఉండింది. మా అమ్మ లోపలినుంచే "ఇప్పుడు సరే. పెట్రోలు కంపు, పోయి నీళ్ళు పోసుకో" అని కేకేసింది.

ఆదివారం పేరేసంద్ర ఎత్తులో నా వెనకాల నాలుగు జపాన్ కార్లున్నాయి. ఒక బస్సును కూడా దాటాను. కిటికీల్లో ఆ ముసలామె కోసం వెతికాను గానీ ఆమె లేదు. బాగేపల్లి హోటలు ముందు బెంగళూరాయన నా బానెట్టు ఎత్తించి, చెవి పెట్టి విని, ఇంత నున్నగా నడుస్తోంది, ట్యూనింగు ఎవరిది అని అడిగాడు. చుట్టూ పదిమంది నిలబడ్డారు.

"నాదే" అన్నాను.

ఇంజను పని నాకే ఇస్తానన్నాడు. ఇంకో ఇద్దరు నా నంబరు రాసుకున్నారు. అందరితో కూచుని ఇడ్లీ తిన్నాను. మా అమ్మ పేరు చెప్తే నవ్వుతారేమోనని భయపడ్డాను. నిజంగా నవ్వినా ఏం పోయేది, నాకు పని దొరక్కుండా పోయేది కాదు.

వచ్చేసరికి మా అమ్మ రేపొచ్చే పురుగుల కోసం తట్టల మీద కాగితం పరుస్తోంది. ఊరి మొదట్లోనే ఇంజను ఆపి తోసుకొచ్చాను, అవసరం లేకపోయినా. ఎవరు గెలిచారని మా అమ్మ అడగలేదు, పని దొరికిందా అనీ అడగలేదు.

"నాలుగూ మేసినాయా?" అంది.

"మేసినాయమ్మా."

"సరే, చేతులు కడుక్కోని రా. ఈ కొసన పట్టుకో" అంది. కడుక్కొచ్చి కాగితం కొస పట్టుకున్నాను. బాగేపల్లిలో ఏం చెప్పానో ఆమెకు ఆ రోజూ చెప్పలేదు, తర్వాతా చెప్పలేదు.