కోడీ, పట్టుపురుగూ, నలభై ఒక్క రోజులూ

ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడి కూతురు తన పెళ్లికి నూలుచీర కట్టుకుంటానంటే, ఆ తండ్రి పరిస్థితి బయటి ఊళ్లవాళ్లకు చెప్పినా అర్థం కాదు. మిఠాయి అంగడి ఆయన కూతురి పెళ్లిలో తలా ఒక బెల్లంముక్క పంచినట్టుంటుంది. మా అమ్మాయి ఆ మాట చెప్పింది ఆదివారం మధ్యాహ్నం. నా కంచంలో వేడి సంగటి, దాని పక్కన మటన్ పులుసు ఉన్నాయి. మంచి మాటలు కూడా నా చెవికెక్కని సమయం అది.

"నేను మాంసం మానేసినా నాయనా. పాలు, పెరుగు, నెయ్యి, గుడ్లు గూడా. పట్టు గూడా కట్టను," అంది.

బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. అక్కడ ఇలాంటివాళ్లను వీగన్ అంటారట. మాంసం మానేసినవాళ్లను నేను చాలామందిని చూశాను. శనివారం మానేవాళ్లు, కార్తీకం మానేవాళ్లు, డాక్టరు తిడితే వారం మానేవాళ్లు. మజ్జిగ మానేసినవాళ్లను మాత్రం పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. మా ఎండల్లో మజ్జిగ లేకుండా బతకొచ్చని ఎవరూ అనుకోరు కూడా.

"పెండ్లికొడుకు గూడా మానేసినాడా?" అని మా ఆవిడ అసలు సంగతి అడిగింది.

"ఆయప్ప తింటాడు. ఆయప్ప ఇష్టం ఆయప్పది."

"అంతా బాగుండాది గానీ, పట్టు ఏం పాపం చేసిందమ్మా?" అన్నాను నేను.

"పట్టు చేయలేదు నాయనా. మనం చేసినాం," అని నా వైపు చూసింది. ఆ చూపుకు కారణం నాకు తెలుసు.

తనకు ఎనిమిదేళ్లప్పుడు హిందూపురం దగ్గర పట్టుగూళ్ల నుంచి దారం తీసే చోటుకు తీసుకెళ్లాను. నాయన పని ఎంత గొప్పదో చూపిద్దామని నా సరదా. మరిగే నీళ్లలో తెల్లటి గూళ్లు తేలుతున్నాయి. "లోపల పురుగు ఏమైతాది నాయనా?" అని అడిగింది. "రెక్కలొచ్చి ఎగిరిపోతాది పాపా. అది పోయినాకే గూడు ఉడకేస్తారు," అన్నాను. శుద్ధ అబద్ధం. పురుగు గూడు కొరుక్కుని బయటికొస్తే దారం ముక్కలవుతుంది. అందుకని లోపల ఉండగానే ఉడికిస్తారు. ఆ సంగతి నాకు మీసాలు రాకముందే తెలుసు.

తను నమ్మింది. బడిలో తెల్ల రెక్కల పురుగుల గుంపు బొమ్మ గీసి, కింద "మా నాయన చీరల పురుగులు ఎగిరిపోతున్నాయి" అని రాసింది. నేను దాన్ని మగ్గం ఎదురుగా గోడకు మేకు కొట్టి తగిలించాను. ఏళ్ల తరబడి వచ్చినవాళ్లందరికీ చూపించాను. తను ఇంటర్ చదివేటప్పుడు ఒకరోజు చూస్తే గోడకు మేకు ఒక్కటే ఉంది. బొమ్మ ఏమైందని నేను అడగలేదు. తనూ ఏమీ చెప్పలేదు.

ఆ ఆదివారం మాత్రం బేరం పెట్టింది. "నేను చేసేది పిచ్చి పని అనుకుంటాండావు గదా. నలభై ఒక్క రోజులు నువ్వు చేసి చూడు. మాంసం, గుడ్డు, పాలు, పెరుగు, నెయ్యి ముట్టొద్దు. అన్నినాళ్లు ఉంటే నా పెండ్లికి నువ్వు నేసిన పట్టుచీరే కట్టుకుంటా."

ఒప్పుకున్నాను. పురుగుల్ని చంపి నేసిన చీర కట్టించడానికి కోడిని చంపకుండా ఉండాలన్నమాట. ఇందులో తిరకాసు ఉందని నాకు అప్పుడే తెలుసు, కానీ చీర ముఖ్యం.

మొదటి వారం ఉగ్గాని నన్ను కాపాడింది. బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. అందులో ఏ జీవికీ హాని లేదు, నా కడుపుకు తప్ప. సంగటిలోకి చెనిక్కాయల ఊరుబిండి, అదే వేరుశనగ పచ్చడి, ఉండనే ఉంది. టీ దగ్గరే చిక్కొచ్చింది. చెనిక్కాయలు నానబెట్టి, రుబ్బి, గుడ్డలో వడగట్టి పాలు తీయమని అమ్మాయి ఫోన్లో చెప్పింది. మా ఆవిడ తీసింది. "వానల్లేక చెనిక్కాయలకే గతి లేదు, వాటికి పాలు గూడా పిండాలంట," అంటూ టీ పెట్టింది. అది పొయ్యి మీదే విరిగింది. తాగాను. చెనిక్కాయ చట్నీలో టీపొడి కలిపినట్టుంది.

అదేం విచిత్రమో, సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఆవిడకు మజ్జిగ మీద ప్రేమ పుట్టుకొచ్చింది. పెద్ద గ్లాసు నింపుకుని నా ఎదురుగా కూర్చుని జుర్రుమంటూ తాగేది. గేదె పాలు పోసే పక్కింటామె గడపలో నిలబడి, "ఏమన్నా, మా ఎనుము మీద అలిగినావంట?" అని అడిగింది. రెండు ఆదివారాలు నేను కనబడకపోయేసరికి మటన్ అంగడి ఆయన బజారులో నన్ను ఆపి, "ఇంట్లో ఎవరన్నా పోయినారా అన్నా?" అని మెల్లగా పరామర్శించాడు.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. పదిహేను రోజులు గడిచేసరికి ఒళ్లు తేలికైంది. తిన్నాక మగ్గం దగ్గర కునుకు రావడం తగ్గింది. ఇలాగే ఉండిపోతే పోలేదా అని కూడా అనిపించింది. ఆ ఆలోచన మా ఆవిడకు చెప్పలేదు. చెబితే నవ్వేది.

ఇరవై రెండో రోజున పెళ్లిచీర పడుగు, అంటే నిలువు పోగుల కట్ట, వచ్చింది. మగ్గం మీద మిగిలిన పాత పోగుల చివర్లకు కొత్త పోగుల్ని ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతకాలి. వేల పోగులు. ఇద్దరు మనుషులు వచ్చి పొద్దుటి నుంచి వంచిన తల ఎత్తకుండా అతుకుతారు. మా ఇంటి ఆచారం ఏమిటంటే, పెళ్లిచీర పడుగు అతికినవాళ్లకు నాటుకోడి కూర పెట్టాలి, ఇంటాయన వాళ్లతో కూర్చుని తినాలి. తినకపోతే నేతలో పోగులు తెగుతాయని మా నాయన చెప్పేవాడు.

నా దీక్ష సంగతి చెప్పాను. వాళ్లలో పెద్దాయన కంచం ముందు నుంచి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఏమప్పా, నువ్వు కూర్చోకుంటే మేమెట్ల తినేది? రేపు పోగులు తెగితే మా చేతులు మంచివి కావంటావు. అయినా కోడి తినేది యేమి? జొన్నలే గదా. జొన్నలు తిన్నట్లు అనుకో."

కూర్చున్నాను. మొదటి ముక్క ఆచారం కోసం తిన్నాను. రెండోది అమ్మాయి చీర బాగా రావాలని తిన్నాను. మూడో ముక్క నుంచి నాకోసమే తిన్నాను. నిండా మునిగినవాడికి చలేమిటని, చివర్లో రెండు గ్లాసుల మజ్జిగ కూడా తాగాను. ఇరవై రెండు రోజుల తర్వాత తాగిన ఆ మజ్జిగ రుచి ఇంకా నాలుక మీద ఉంది.

"పాపకు చెప్పొద్దు," అన్నాను మా ఆవిడతో.

"నీ నోరు, నీ బిడ్డ. నాకెందుకప్పా," అంది.

మర్నాటి నుంచి నేత మొదలైంది. ఆచారం పాటించినా పోగులు తెగుతూనే ఉన్నాయి. తెగినప్పుడల్లా మగ్గం ఆపి ముడివేసి తలెత్తితే ఎదురుగా గోడకు ఆ మేకు కనిపించేది. సిగ్గుగా ఉండేది. ఎనిమిదేళ్ల పిల్లకు ఒక అబద్ధం చెప్పాను, ఇప్పుడు పెళ్లికూతురికి ఇంకొకటి చెప్పబోతున్నాను. చీర మాత్రం నా జన్మలో అంత బాగా నేయలేదు. మామిడాకు రంగు, ఎర్రటి అంచు.

నలభై ఒకటో రోజున అమ్మాయి వచ్చింది. చీర మడత విప్పి ఒళ్లో పరుచుకుని అంచు మీద చెయ్యి పెట్టి చాలాసేపు చూసింది. "శానా బాగుండాది నాయనా," అంది. తర్వాత తలెత్తి, "అన్ని రోజులూ ఉన్నావా?" అని అడిగింది.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. తను అడిగిన తీరు ఆ ఉడికే గూళ్ల దగ్గర అడిగినట్టే ఉంది. ఉన్నానంటే చీర కట్టుకుంటుంది. లేదంటే ఇన్నాళ్ల నేత బీరువాలోకి పోతుంది.

"లేదమ్మా. పడుగు అతికిన పొద్దు కోడికూర తిన్నా. మజ్జిగ గూడా తాగినా. ఆచారం అని చెప్పొచ్చు. కానీ ఆచారం ఒక్క ముక్కకే. నేను ఏడో ఎనిమిదో తిన్నా."

తను చీర మీద మొహం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"అమ్మ ఆ పొద్దే ఫోన్ చేసి చెప్పింది నాయనా."

"తెలిసి గూడా ఎందుకడిగినావు?"

"కోడి గూడా ఎగిరిపోయిందంటావేమో చూద్దామని."

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "అప్పుడు నీకు అబద్ధం చెప్పినా పాపా," అన్నాను. ఆ మాట అనడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. "తెలుసులే. ఈసారి నిజం చెప్పినావు గదా," అని తను చీరను భుజాన వేసుకుని అద్దం దగ్గరికి వెళ్లింది.

పెళ్లికి అదే కట్టుకుంది. అందులోని పురుగుల్లో ఒక్కటి కూడా ఎగిరిపోలేదని తనకూ తెలుసు, నాకూ తెలుసు. ఇప్పుడు తను వచ్చినప్పుడు తను తినేదే నేనూ తింటాను, విరిగిన టీతో సహా. మిగతా రోజుల్లో ఈ పొద్దు ఏం తిన్నావని ఫోన్లో అడుగుతుంది. ఉన్నదున్నట్టు చెబుతాను.