స్వప్న ఎడమ భుజం కొలత

2022లో నేను అమీర్‌పేటలోని ఒక కోచింగ్ సెంటర్‌లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్పేదాన్ని. మధ్యాహ్నం బ్యాచ్‌లు ఉండేవి కావు. ఆ ఖాళీలో చుట్టుపక్కల షాపులవాళ్లకు చిన్నచిన్న ప్రోగ్రాములు రాసిపెట్టేదాన్ని. అలా పరిచయమైంది, పంజాగుట్ట సందులో టైలరింగ్ షాపు నడిపే పద్మక్క. సిరిసిల్ల నేత కుటుంబం ఆమెది. నడుముకు బెల్టు, కాళ్లకు ఊతంగా క్యాలిపర్లు పెట్టుకునేవాళ్లకు, చక్రాల కుర్చీలో ఉండేవాళ్లకు ఒంటికి సరిపోయేలా కుట్టడంలో ఆమెకు మంచి పేరు.

ఆ ఏడాది ఆమెకు ఒక పెద్ద ఆర్డరొచ్చింది. చక్రాల కుర్చీల్లో నాట్యం చేసే పన్నెండు మంది అమ్మాయిలకు దుస్తులు కుట్టాలి. లక్డీకాపూల్‌లో ప్రదర్శన. పద్మక్క కొలతలు తీసి ఫోన్‌లో పెడితే, కృష్ణానగర్‌లో ఇంటి దగ్గర కుట్టే ముగ్గురు ఆడవాళ్లు తమ ఫోన్లలో చూసుకుని కుడతారు. దానికి ప్రోగ్రామ్ రాయడం నా పని.

"మొత్తం ఎన్ని కొలతలుంటాయక్కా?" అని అడిగాను.

"మనిషిని జూడకముందే ఎట్ల జెప్పాలె చెల్లె? ఒకలకు కూసున్నప్పటి పొడుగు గావాలె. ఒకలకు బెల్టు మీది చుట్టు గావాలె. ఇంకొకలకు భుజం ఎంత దిగిందో జూడాలె" అంది పద్మక్క.

ఇక్కడ మా వృత్తి గురించి రెండు ముక్కలు చెప్పాలి. ప్రోగ్రామ్‌లో ఒక విలువను దాచుకోవడానికి పెట్టుకునే పేరును వేరియబుల్ అంటాం. ఆ పేర్లు మామూలుగా ప్రోగ్రామ్ రాసేటప్పుడే పెట్టేస్తాం. పద్మక్క పెట్టే పేర్లేమో రన్ టైమ్‌లో, అంటే ప్రోగ్రామ్ నడుస్తున్నప్పుడు, ఆమె టేపు పట్టుకున్నాక గానీ తెలియవు. నేను ఊరుకుంటానా, తెలివి చూపించాను. ఆమె ఏ పేరు టైపు చేస్తే ఆ పేరుతో అప్పటికప్పుడు ఒక వేరియబుల్ పుట్టేలా రాశాను. నిజానికి అది నా క్లాసులో పిల్లలకు చేయొద్దని గట్టిగా చెప్పే పనే. నాకైతే ఫరవాలేదనుకున్నాను.

మొదటి జాకెట్ నాట్యబృందంలో ముఖ్యపాత్ర వేసే స్వప్నది. షాపులోనే తొడుక్కుని కుర్చీ చక్రం తిప్పబోయింది. చంక దగ్గర బట్ట పట్టేసింది.

"అక్కా, చెయ్యి లేస్తలేదు" అంది.

బృందాన్ని నడిపే మాధవిగారు నొసలు చిట్లించారు. "ఏంటి పద్మగారూ ఇది? శుక్రవారానికి సరిగ్గా రాకపోతే అద్దెకు గౌన్లు తెచ్చేస్తాం. టైమ్ లేదండీ."

స్వప్న ముఖం మాడిపోయింది. "నాకు అద్దె గౌను వద్దు మేడమ్. కుర్చీకి ముసుగేసినట్టుంటది. ఎప్పుడూ గట్లనే ఏసుకున్న. గీ ఒక్కసారన్న వద్దు."

వాళ్లు వెళ్లాక పద్మక్క నావైపు తిరిగింది. "నా చేతి కొలత తప్పిందంటే నేను నమ్మ. జర నీ ఫోన్ల జూడు."

చూశాను. స్వప్న ఎడమ భుజం దిగుడు అర అంగుళం అని ఉంది. పద్మక్క గల్లాపెట్టె పక్కనున్న రేకు డబ్బా తెరిచి, స్వప్న పేరు రాసిన కవరు తీసింది. అందులోని చీటీ మీద రెండు అంగుళాలని ఉంది. మిగతా కవర్లు వెతికితే, ఆ అర అంగుళం బృందంలోని జ్యోతి అనే మరో అమ్మాయిదని తేలింది. పద్మక్క ఆమెకు కూడా "ఎడమ భుజం దిగుడు" అనే పేరే టైపు చేసింది. నా ప్రోగ్రామ్‌లో ఆ పేరుతో ఒకే వేరియబుల్ ఉంది కాబట్టి, జ్యోతి కొలత వెళ్లి స్వప్న కొలతను చెరిపేసి కూర్చుంది.

"తప్పు నాదే అక్కా. కానీ ఈ చీటీలెందుకు రాస్తున్నావు?"

"నీ ఫోన్ మీద నమ్మకం లేక" అంది మొహమాటం లేకుండా. "ఎవలి కవరు వాళ్లకే. కొత్త కొలతొస్తే చీటి మీద పేరు రాసి అండ్లేస్త. గంతే."

గంతే! నేను పిల్లలకు వారం రోజులు బోధించే పాఠం ఆమె రేకు డబ్బాలో ఉంది. దాన్ని మేం డిక్షనరీ అంటాం. చీటీ మీది పేరు కీ, పక్కనున్న అంగుళాలు వాల్యూ. పేర్లు ముందే తెలియాల్సిన పనిలేదు, ఎన్నయినా చేర్చుకోవచ్చు. ఒక్కో అమ్మాయికి ఒక్కో డిక్షనరీ ఇస్తే, ఇద్దరి కొలతలకు ఒకే పేరున్నా ఒకదాన్నొకటి తాకవు.

నేను గొప్పగా రాసుకున్నదంతా అక్కడే చెరిపేశాను. సాయంత్రం బ్యాచ్ మొదలయ్యేలోపు కొత్తది రాసేశాను. పాతదానిలో సగం కూడా లేదు! పద్మక్క చీటీలు చదువుతుంటే అన్నీ మళ్లీ ఎక్కించాను. శుక్రవారం స్వప్న కొత్త జాకెట్ వేసుకుని, రెండు చేతులూ తలమీదికెత్తి, చక్రాన్ని ఒక్క తిప్పు తిప్పింది. బట్ట ఎక్కడా పట్టలేదు. మాధవిగారు అద్దె మాట మళ్లీ ఎత్తలేదు. మిగతా పదకొండూ అనుకున్న రోజుకే వచ్చాయి, ఒక్కటీ విప్పి కుట్టాల్సిన అవసరం రాలేదు.

ప్రదర్శన రోజున నేను చూసింది నాట్యం కాదు, భుజాలు. పన్నెండు జతల భుజాలు హాయిగా కదులుతున్నాయి. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొడుతుంటే నాకు ఏడుపొచ్చింది. మనుషులు రాకముందే వాళ్లకు గడులు గీసి పెట్టకూడదనీ, ఒకరి గడిలో ఇంకొకరిని కూర్చోబెట్టకూడదనీ పద్మక్క దగ్గరే నేర్చుకున్నాను.

బయటికొస్తుంటే, కృత్రిమ కాలున్న ఒక పెద్దాయన పద్మక్కను ఆపాడు. "అమ్మా, నా బిడ్డ పెండ్లికి నాకు సుత ఒక షేర్వాణీ కుడ్తవా?"

పద్మక్క హ్యాండ్‌బ్యాగ్‌లోంచి టేపు తీసి, అక్కడే మెట్ల మీద ఆయన్ను కూర్చోబెట్టింది. ఫోన్‌లో ఆయన పేరు కొట్టి, కింద నేనెప్పుడూ వినని ఒక కొలత పేరు టైపు చేసింది. ప్రోగ్రామ్ కిక్కురుమనకుండా దాచుకుంది. ఆమె చీటీ కోసం వెతుక్కుంటుందేమోనని చూశాను.

వెతకలేదు. ఫోన్ బ్యాగ్‌లో పడేసి, "నడువు చెల్లె, చాయ్ తాగుదాం" అంది.