దారం మేస్త్రి ఒప్పుకున్న వంకర

ఆఁ, ఎక్కడ ఆపాను? దారం మేస్త్రి దగ్గర కదూ. లారీల కింద వెన్నెముకలా ఉండే ఇనప చట్రాన్ని ఛాసీ అంటారు. అది వంగితే తిన్నగా చేసే షెడ్డు ఆయనది. ఆయన జేబులో ఎప్పుడూ ఒక దారపుండ ఉంటుంది. లోకంలో తిన్నగా ఉన్నది అదొక్కటేనని ఆయన గట్టి నమ్మకం.

ఆస్పత్రికి పరామర్శకెళ్లి రోగి మంచానికి దారం పట్టి, "తలవైపు పల్లం. ఇంకేం తగ్గుతుంది?" అని ధైర్యం చెప్పి వచ్చిన మహానుభావుడు. ఓ ఉదయం భార్య ఆరేసిన దుప్పటికీ పట్టాడు.

"వంకర."

"పొద్దున్నే ఇంకెవరూ దొరకలేదా?"

"నిన్ను చేసుకున్ననాడు దారం మర్చిపోయాను."

"నేను తెచ్చుకున్నా బాగుండేది" అందావిడ.

డ్రైవర్ బాబాయి లారీని తెచ్చింది ఇలాంటి మనిషి దగ్గరికి. పాత బండి. ఛాసీ ఎప్పుడో వంగింది. రోడ్డు మీద పీతలా పక్కకి నడిచేది. స్టీరింగు కుడికి లాగిపట్టుకుంటేగానీ ముందుకు పోదు. లాగి లాగి బాబాయి భుజం కూడా అటే వాలింది.

మేస్త్రి ముందునుంచి వెనక్కి దారం పట్టాడు. తర్వాత బాబాయి భుజానికీ పట్టాడు.

"బండి, నువ్వు, ఇద్దరూ వంకరే. ఎలా నడిపావయ్యా ఇన్నాళ్లు?"

"అలవాటైపోయింది మేస్త్రీ."

"తగలెయ్య, ఆ అలవాటు!"

ఛాసీని గొలుసులతో నేలకి బిగించి, ఎర్రగా కాల్చి, జాకీలతో నెట్టి, చివరికి దారం వెంట వెంట్రుకవాసి తేడా లేకుండా నిలబెట్టాడు. లారీ ఓనరు వచ్చాడు. బాబాయి బండెక్కాడు. బండి తిన్నగానే ఉంది, చేతులే పాత లెక్కన కుడికి లాగాయి. లారీ కుడికి వెళ్లి షెడ్డు గేటు స్తంభానికి తగిలింది.

"నీ పనైపోయింది బాబాయ్" అన్నాడు ఓనరు. "తాళాలిచ్చెయ్. ఇంకో డ్రైవర్ని పెట్టుకుంటా."

బాబాయి దిగాడు. ఆ తాళాలు పోతే ఆయనకి వేరే బతుకుతెరువు లేదు. అవి పట్టుకున్న చెయ్యి ముందుకు రావడం లేదు.

మేస్త్రి లారీ కిందకి దూరాడు. దారం పట్టాడు. చాలాసేపటికి బయటికొచ్చి, ఒళ్లు దులుపుకున్నాడు.

"వంకర."

"ఏది?"

"నా పని. ముందువైపు ఇంకా లాగుతోంది. ఆయన తప్పేం లేదు. బండిని ఓ వారం ఇక్కడే ఉంచండి."

"నీ పనిలో వంకరా?" ఓనరుకి నవ్వాగలేదు.

"నేనేమన్నా దేవుణ్ణా? ఆయన చేసినవే సగం వంకర."

ఆ వారమంతా లారీ మీద సుత్తి దెబ్బ పడలేదు. మేస్త్రి పక్క సీట్లో కూచుని, అద్దం మీద దారం అంటించి, బాబాయి చేత షెడ్డు ఆవరణలో గిరగిరా తిప్పించాడు. "కుడికి లాగకు. ఇనుమైతే కాల్చి సరిచేద్దును, నిన్నేం చెయ్యను?" అని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. వారం తిరిగేసరికి ఓనరు కళ్లముందే బాబాయి గేటు దాటించాడు, గీత గీసినట్టు.

ఇదంతా బాబాయే నాకు చెప్పాడు. కానీ ఓనరు ఊరంతా చాటింది ఒకటే: మేస్త్రి పనిలోనూ వంకరుందని. ఇప్పుడు ఆయన దారం తీస్తే చాలు, "ముందు నీ లారీలు చూసుకో" అంటున్నారు. పాపం, దారం జేబులోనే ఉంచుకుంటున్నాడు. మంచాలూ దుప్పట్లూ హాయిగా ఉన్నాయి.

నాకే తోచడం లేదు. మా గేటు నిక్షేపంలా ఉంది. అయినా సాయంత్రం ఫోన్ చేసి, "ఓ పక్కకి వాలినట్టుంది, దారం పట్టుకుని రావయ్యా" అనాలి. తిట్టించుకుని చాలా రోజులైంది.