వర్ధన్నపేటలో ఆగిపోయిన నా వాచీ

ఆదివారం చర్చి అయ్యాక మేం నలుగురం వరంగల్ స్టేషన్ రోడ్డులోని ఒక వాచీ రిపేరు దుకాణంలో కలుస్తాం. ఆ రోజు షట్టర్ సగమే లేచి ఉంటుంది. రోజూ కీ ఇవ్వాల్సిన పాత వాచీలు పోగుచేసే పిచ్చి మా అందరిదీ. కొన్నవాటి గురించి పది నిమిషాలు మాట్లాడితే, అమ్ముకున్నవాటి గురించి రెండు గంటలు మాట్లాడతాం. నలుగురిలో ఆడదాన్ని నేనొక్కదాన్నే. మిషన్ దవాఖానలో నర్సుగా చేసి రిటైరయ్యాను.

ఒక ఆదివారం నా వాచీ గురించి చెప్పాను. నర్సు ట్రైనింగులో చేరేముందు మా నాన్న కొనిచ్చారు. తెల్ల డయలు, నడిమధ్య నుంచి తిరిగే ఎర్ర సెకను ముల్లు. రోగుల నాడి లెక్కపెట్టడానికి ఆ ముల్లే ఆధారం. బ్యాటరీ వాచీలు వచ్చాక ఇంకా ఈ కీ తిప్పుడేమిటని దాన్ని మా వార్డు కాంపౌండరుకు అమ్మేశాను. అతను దవాఖానలో పని మానేసి వర్ధన్నపేటలో సొంతంగా వైద్యం మొదలుపెట్టబోతున్నాడు. ఏడాది తిరక్కుండానే నాన్న పోయారు. వాచీ వెనక్కి అడగాలని ఉండేది, ఏ ముఖం పెట్టుకుని అడగను?

మాలో పెద్దవాడు, రైల్వే గార్డుగా చేసినాయన, వింటూ వింటూ విసుక్కున్నాడు.

"వర్ధన్నపేట ఏమన్న దేశంల లేదా చెల్లే? బస్సెక్కితే గంట. ఇన్నేండ్ల సంది ఈడ కూసోని బాధపడుడేంది?"

నాకు కోపం వచ్చింది. ఆయన అన్నది నిజం కాబట్టే వచ్చింది. మంగళవారం పొద్దున్నే వర్ధన్నపేట మీదుగా పోయే ఖమ్మం బస్సెక్కాను. వాచీ లేకుండా తిరిగి రాకూడదనుకున్నాను. బదులుగా ఇవ్వడానికి కొత్త వాచీ ఒకటి సంచిలో వేసుకున్నాను.

కాంపౌండరు చనిపోయి నాలుగేళ్లయిందని ఆ వీధిలోకి వెళ్లాకే తెలిసింది. ఆయన భార్య వాకిట్లో మిరపకాయల తొడిమలు తీస్తోంది. నేనెవరినో చెప్పగానే చేతులు కడుక్కుని వచ్చింది.

"సిస్టరమ్మ మీరేనా! మా ఆయన మీ ముచ్చట మస్తు చెప్పేటోడు."

వాచీ మాట ఎత్తగానే లోపలికి వెళ్లి రుమాల్లో చుట్టింది తెచ్చింది. అద్దం నిండా గీతలు, డయలు పసుపెక్కింది. ఎర్ర ముల్లు మాత్రం అలాగే ఉంది. చెవి దగ్గర పెట్టుకున్నాను. చప్పుడు లేదు.

"ఆయన పోయిన తెల్లారే అల్మార్ల నుంచి కింద పడ్డది. అప్పటి సంది నడుస్తలేదు," అంది.

మా నాన్న సంగతి చెప్పాను. కొత్త వాచీ తీసి చూపించాను. ఆమె నా చేతిలోంచి పాత వాచీని మెల్లగా తీసుకుంది.

"ఏమనుకోకుండ్రి సిస్టరమ్మా. ఇది నేనియ్యలేను. మంచంల పడ్డంక గూడ పొద్దుగాల లేవంగనే దీనికి చాబీ ఇచ్చేటోడు."

అది నా వాచీ అనే అనుకున్నాను గాని, ఆయన చేతికి ఎన్నేళ్లుందో అప్పటిదాకా ఆలోచించనే లేదు. "బాగుచేయించి తెస్తాను, ఇస్తావా?" అన్నాను.

"మీరు మళ్ల తేకపోతే?"

అడగాల్సిన మాటే అడిగింది. కొత్త వాచీని ఆమె చేతిలో పెట్టి, "నేను తెచ్చేదాకా ఇది నీ దగ్గరుండనీ," అన్నాను.

మా రిపేరాయన మూత తీసి చూసి తల అడ్డంగా ఊపాడు. లోపల ఊగే చక్రానికి ఇరుసు విరిగిందట. ఆ సామాను ఇప్పుడు రాదట. హన్మకొండ, కాజీపేట దుకాణాలన్నీ తిరిగాను. మూడు వారాలైనా దొరకలేదు. చివరికి మా ఇంట్లో ఉన్న వాచీ తెచ్చి బల్ల మీద పెట్టాను. అచ్చం అలాంటిదే. పోయిందాని వెలితి తీరుతుందేమోనని ఎప్పుడో కొన్నాను. నిమిషం తేడా లేకుండా నడుస్తుంది.

"దీంట్ల ఇరుసు తీసి దాంట్ల పెట్టు," అన్నాను.

"నడిచే వాచీ ఖరాబ్ చేస్తరా అక్కా?" అన్నాడు రిపేరాయన.

గార్డు గొంతు తగ్గించి అన్నాడు: "రెండు ఒక్క తీరే ఉన్నయి గద. నడిచేది ఆమెకియ్యి, మీ నాయినది నువ్వుంచుకో. ఆమెకేం తెలుస్తది?"

ఆయన్ను తప్పుపట్టలేను. వర్ధన్నపేట నుంచి తిరిగొచ్చే బస్సులో నాకూ అదే బుద్ధి పుట్టింది. "మా నాన్న కొన్నదేదో నాకు తెలిసినప్పుడు, ఆమె పెనిమిటి పెట్టుకున్నదేదో ఆమెకు తెల్వదా?" అన్నాను. రిపేరాయన కంటికి భూతద్దం తగిలించుకున్నాడు.

వాచీ తీసుకెళ్లి ఇచ్చినప్పుడు ఆమె ముందుగా దాన్ని తిప్పి వెనక మూత చూసింది. అక్కడొక చిన్న సొట్ట ఉంది. స్కూటర్ మీంచి పడ్డప్పుడు అయిందట. దాన్ని బొటనవేలితో తడిమాకే చెవి దగ్గర పెట్టుకుంది. కీ ఎన్ని చుట్లు తిప్పాలో, ఎక్కడ ఆపాలో నేర్పాను. రెండుసార్లు తప్పు తిప్పి, మూడోసారి సరిగ్గా తిప్పింది. నా కొత్త వాచీతో పాటు సంచెడు ఎండుమిర్చి ఇచ్చి, బస్సెక్కేదాకా పక్కనే నిలబడింది.

బస్సులో కాసేపు ఏడ్చాను. ఇంటికొచ్చాక మిర్చి ఎండలో పోశాను.

ఇరుసు తీసేసిన వాచీ ఇప్పుడు మా బీరువాలో ఆగి ఉంది. దానికో ఇరుసు కోసం ప్రతి ఆదివారం పాత సామాన్ల డబ్బాలు గాలిస్తున్నాను. ఇక దొరకదని మా వాళ్లంటున్నారు. అననీ, దొరికేదాకా వెతుకుతాను.