ఇంజెక్టర్ మందు సీసా

భద్రాచలంలో బస్సు దిగిన. ఏప్రిల్ నెల, మిట్టమధ్యాహ్నం. భుజం మీద కిట్ బ్యాగు, చేతిలో ఇనుప ట్రంకు. అడవిలో ఉన్న ఫోర్సు క్యాంపుకు డ్రైవరుగ పోస్టింగ్. నాది వైరా. చిన్నప్పటి నుంచి ఈ ఊరికి ఎన్నిసార్లు వచ్చిన్నో లెక్క లేదు. వచ్చిన ప్రతిసారి గుడి చూసుకొని ఎనక్కి పోయినోణ్నే. గుడి దాటి చర్ల రోడ్డు పట్టుకొని అడవి దిక్కు పోవుడు అదే మొదలు.

మా క్యాంపు అంబులెన్సు బస్టాండు పక్కన ఆగి ఉంది. డ్రైవరు నా ఆర్డరు కాగితం చూసి తాళంచెవి చేతిలో పెట్టిండు.

"నేను రేపు బదిలీ మీద పోతున్న. ఇయ్యాల్టి నుంచి ఇది నీదే. జర ఓపిక పట్టాలె దీనితోని."

సెల్ఫ్ కొట్టిన. ఒక్కసారికి అందుకోలే. మూడోసారికి అందుకొని బండి మొత్తం గజగజ వణికింది. ఎనక తెల్లపొగ.

"ఇంజెక్టర్లా?" అన్న.

"అవ్. స్లోలో పెడితే ఆగిపోతది. ఎత్తు ఎక్కుడొస్తే దమ్ముండదు."

ఎందుకట్లైందో క్యాంపు చేరినంక తెలిసింది. తారు రోడ్డు దిగినంక ఆరు కిలోమీటర్ల మట్టి రోడ్డు. రెండు దిక్కుల టేకు, తునికి పొదలు, నడుమ వాగు మీద ఒక కల్వర్టు. ఆ మట్టి రోడ్డు మీద బండి ఊరికే పోదు. ముందు కుక్క నడుస్తది. దాని ఎనక డిటెక్టర్లు పట్టుకొని జవాన్లు. మట్టిలో నక్సలైట్లు పెట్టిన మందుపాతర లేదని వాళ్లు చెప్పినంక, వాళ్ల నడక ఎంతో బండి నడక అంత. పొద్దున క్లియర్ చేసిన రోడ్డు, మనుషులు ఎనక్కొచ్చినంక మళ్ల క్లియర్ కిందికి రాదు.

గంటలకు గంటలు ఇంజను ఫస్ట్ గేర్లో, స్లోలో తిరగాలె. డీజిలేమో పీపాలలో వచ్చి, ఎండకు వానకు నెలలు నిల్వుండేది. గిట్ల నడిచిన ఇంజనుకు ఇంజెక్టర్ల మూతి మీద మసి పేరుకుంటది. వెంట్రుకంత సన్నని రంధ్రాలవి. పూడుకుంటే డీజిలు పొగమంచు లెక్క చిమ్మదు, చుక్కలు చుక్కలు కారుతది. అందుకే ఆ వణుకు.

దానికి ఒక మందు ఉంటది. డీజిలు పోసే ముందు ట్యాంకులో కలపాలె. మా బండ్ల హవల్దారు పైకి రాసి రాసి తెప్పిచ్చిండు. పెద్ద డబ్బాలో వచ్చింది. నేను ముందు ఫిల్టరు మార్చిన, అడుగున చేరిన నీళ్లు వదిలిన. తర్వాత మందు కలిపిన. మొదటి ట్యాంకుకు ఏం ఫరకు కనబడలే. మూడో ట్యాంకుకు వణుకు తగ్గింది. మే నెల వచ్చేసరికి స్లోలో పెట్టి బానెట్ మీద గ్లాసెడు చాయ పెడితే తొణకలే.

ఆ చాయ గ్లాసు పెట్టింది కల్లూరాయన. మా డాగ్ హ్యాండ్లరు. క్యాంపులో అందర్నీ ఊరి పేరుతోనే పిలుచుడు. నేను వైరా, ఆయన కల్లూరు. నాకన్న చిన్నోడు. పెండ్లయి రెండేండ్లు, ఒక బిడ్డ. ఆయన చేతి కింద జూలీ అని ఒక ఆడకుక్క, నల్లది. మందుపాతర వాసన పడితే మొరగదు, కూర్చుంటది. అంతే.

"అన్నా, నీ బండికి మందు పోసినవ్, మంచిగైంది. నా మోకాళ్లకు గూడ ఏదన్న పోయరాదు" అనేటోడు రోజూ.

"నీకు పోస్తే నువ్వు జూలీ కన్న ముందు ఉరుకుతవ్. మాకు కష్టం" అనేటోణ్ని.

గట్ల నవ్వుకునేది.

మే ఆఖర్ల ఒక రోజు, పొద్దున క్లియర్ చేసిన రోడ్డు మీద రేషన్ బండి వచ్చింది. ఎనక డాలా తెరిచి సామాను దింపుతున్నరు. బియ్యం బస్తాలు, కూరగాయలు, నీళ్ల బాటిళ్ల కట్టలు. వాటి పక్కనే ఇంజెక్టర్ మందు. మా దగ్గరి డబ్బా అయిపోతే, పక్క క్యాంపు వాళ్లు తమ డబ్బాలోంచి కొంత తీసి ఖాళీ నీళ్ల బాటిల్లో పోసి పంపిన్రు. గుర్తుకు మూతి చుట్టు ఎర్ర టేపు చుట్టిన్రంట. ఆ ఎండకు జిగురు కరిగి టేపు ఊడి ఎక్కడో పడ్డది. లోపల మందు లేత పసుపు రంగు. పెట్రోలింగ్‌కు పోయేటోళ్లు తాగే నిమ్మకాయ గ్లూకోజు నీళ్లు గూడ అదే రంగు.

పెట్రోలింగ్ పార్టీ అప్పుడే వచ్చింది. పొద్దు పొడవక ముందు పోయినోళ్లు. పెదవులు తెల్లగై ఉన్నయి. కల్లూరాయన ముందు జూలీకి గిన్నెలో నీళ్లు పోసిండు. అది తాగేదాక నిలబడ్డడు. తర్వాత డాలా దిక్కు వచ్చి ఒక బాటిల్ తీసిండు. నేను పది అడుగుల దూరంలో టైరు గాలి చూస్తున్న. తలెత్తి చూసిన. ఆయన నా దిక్కు చూసి బాటిల్ ఎత్తిండు, పెండ్లిలో షర్బత్ గ్లాసు ఎత్తినట్టు.

మన దిక్కు అలవాటు తెల్సిందే కదా. ఎంగిలి కావద్దని మూతికి ఆనిచ్చుకోం. ఎత్తి పోసుకుంటం. ముక్కుకు వాసన తగలకముందే గొంతులో పడిపోతది. రెండు గుక్కలు దిగినయి. మూడో గుక్కకు ఆయన కండ్లు పెద్దగైనయి.

బాటిల్ చేతిలో నుంచి జారింది. మందు అంగీ మీద ఒలికింది. ఆయన దగ్గిండు. మనిషి దగ్గు లెక్క లేదది. లోపల ఏదో చినిగినట్టుంది. ఎండలో ఆ వాసన నా దాక వచ్చింది. నేను రోజూ ట్యాంకులో పోసే వాసన.

నేను ఉరికిన. అందరు ఉరికిన్రు. వంటాయన చెంబుతో ఉప్పునీళ్లు తెచ్చి, "తాగు, కక్కెయ్, కక్కెయ్" అని నోట్లో పోయబోయిండు.

"వద్దు! వాంతి చేయించొద్దు!"

మా మెడికల్ అసిస్టెంటు. గుడారంలో నుంచి చెప్పులు లేకుండ వచ్చిండు. ఆ చెంబు లాగి అవతల పారేసిండు.

"కడుపులో ఉంటే మనిషి బతుకుతడు. పైకొస్తే ఊపిరితిత్తుల్లోకి పోతది. కొంచెం ఇప్పటికే పోయింది. చూస్తలేవా దగ్గు?"

మందు తడిసిన అంగీ కత్తెరతో కోసి తీసేసిండు. ఛాతి, మెడ సబ్బుతో కడిగిండు. కూర్చోబెట్టిండు. ఆక్సిజన్ పెట్టిండు. కల్లూరాయన పెదవులు నీలంగ అవుతున్నయి. జూలీ ఆయన కాళ్ల దగ్గర తిరుగుతోంది.

"దవాఖానకు. జల్దీ. ఇక్కడ నాతోని కాదు" అన్నడు మెడికల్ అసిస్టెంటు.

కంపెనీ కమాండర్ వైర్‌లెస్ దగ్గర నిలబడి ఉన్నడు. ఆపరేటరు హెలికాప్టర్ కోసం అడుగుతున్నడు.

"కంట్రోల్, కంట్రోల్. ఒక జవాను, విషం లోపలికి పోయింది, శ్వాస ఆడుతలేదు. ఓవర్."

"విన్నం. హెలికాప్టర్ ఇంకో దిక్కు ఉంది. వస్తది, ఎప్పుడో చెప్పలేం. ఓవర్."

కమాండర్ నా దిక్కు తిరిగిండు. "బండి పోవాలంటే రోడ్డు మళ్ల క్లియర్ చెయ్యాలె. ఒక్కణ్ని కాపాడబోయి ఐదుగుర్ని పోగొట్టుకోను" అన్నడు హిందీలో. ఆ మాట తప్పని నేను అనుకోలే. ఇప్పటికీ అనుకోను.

రోడ్డు క్లియర్ చేసేది జూలీ. జూలీని నడిపేటోడేమో అప్పటికే నా అంబులెన్సులో ఉన్నడు.

కల్లూరాయన కింద పనిచేసే అసిస్టెంటు హ్యాండ్లరు తాడు పట్టుకున్నడు. కొత్తగా వచ్చినోడు. జూలీ ఒక్క అడుగు ఎయ్యలే. బండి ఎనక తలుపు దిక్కు మొహం పెట్టి నిలబడ్డది. లాగితే పడుకున్నది. కల్లూరాయన మాస్కు పక్కకు జరిపిండు. మాట రాలేదు. తలకు కట్టుకున్న గుడ్డ విప్పిండు. చెమటతో తడిసిన గుడ్డ, దాని మీద మందు పడలే. ఆ కొత్త హ్యాండ్లరు చేతికిచ్చి, మణికట్టుకు కట్టుకొమ్మని సైగ చేసిండు. తర్వాత ఊపిరంతా కూడదీసుకొని ఒకటే మాట అన్నడు.

"పో బిడ్డా."

జూలీ లేచింది. గుడ్డ వాసన చూసింది. రోడ్డెక్కింది.

ముందు జూలీ. ఎనక డిటెక్టర్లు. రెండు దిక్కుల అడవిలో తుపాకులతో కాపలాగ కవర్ పార్టీ. అందరికీ ఎనక నా బండి, ఫస్ట్ గేర్లో. నా జన్మలో అంత మెల్లగ ఎప్పుడు నడపలే. ఎనక నుంచి ఆయన శ్వాస వినబడుతోంది, తడిసిన సంచిలో గాలి ఊదినట్టు. ఇంజను మాత్రం కుట్టు మిషను లెక్క నడుస్తోంది. ఒక్క మిస్సింగ్ లేదు, ఒక్క వణుకు లేదు. ఏ మందు ఆ ఇంజనును గట్ల నడుపుతుందో అదే మందు ఎనక కూర్చున్న మనిషి ఛాతిలో ఉంది.

కల్వర్టు ముందు జూలీ కూర్చున్నది.

కొత్త హ్యాండ్లరు చెయ్యి పైకెత్తిండు. అందరు ఆగిపోయిన్రు. అడవిలో పిట్ట గూడ అరుస్తలేదు. ఎనక నుంచి కల్లూరాయన నడుమ అద్దం మీద వేళ్లతో తట్టిండు.

"కూర్చున్నదా?"

"కూర్చున్నది."

"అయితే... దాటకుర్రి అన్నా."

శ్వాస అందనోడు అన్న మాట అది. ఆగమని చెప్పింది ఆయనే.

పొద్దున మా పార్టీ అదే కల్వర్టు క్లియర్ చేసింది, రేషన్ బండి గూడ దాని మీద నుంచే వచ్చింది. ఎవరో ఆ తర్వాత పెట్టిన్రు.

పక్కకు దిగాలంటే వాగు. నీళ్లు లేవు, ఇసుక, బండలు. ఎక్కడ దిగాలె, ఎక్కడ ఎక్కాలె, ఎవరికి తెల్వదు. తునికాకు కట్ట నెత్తి మీద పెట్టుకొని ఒక ముసలామె చెట్ల నడుమ నిలబడి మమ్మల్నే చూస్తోంది. బండి అద్దంలో నుంచి కల్లూరాయన మొహం చూసింది. వాళ్ల భాషలో ఏదో అన్నది. మాకు అర్థం కాలే. కట్ట కింద పెట్టింది. కొంచెం పక్కకు పోయి, ట్రాక్టర్లు దిగే జాడ కాలితో చూపించి, తనే ముందు వాగులోకి దిగింది. ఇసుకలో నడిచి అవతలి ఒడ్డెక్కి, మా దిక్కు తిరిగి నిలబడ్డది. మాకు దారి చూపినందుకు ఆమెను రేపు ఎవరేం అడుగుతరో మా అందరికీ తెలుసు. ఆమెకు ఇంకా బాగ తెలుసు.

జూలీ ఆమె అడుగుల మీదనే నడిచింది. ఎక్కడా కూర్చోలే.

నేను లో గేర్ ఏసిన. బండి ఇసుకలో దిగబడ్డట్టే అయి లేచింది. ఒడ్డు ఎక్కేటప్పుడు ముందు ఆకాశం తప్ప ఏం కనబడలే. ఏప్రిల్ల ఉన్న ఇంజనైతే అక్కడ ఆగిపోయేది. ఆగలే. ఎక్కింది. అద్దంలో చూస్తే ఆమె మళ్ల కట్ట ఎత్తుకుంటోంది. దండం పెట్టే టైము గూడ దొరకలే.

తారు రోడ్డెక్కినంక ఎట్ల తోలిన్నో నాకే తెల్వదు. భద్రాచలం దవాఖానలో డాక్టరు గారు గొంతులో పైపు ఏసి, ఊపిరితిత్తులు రెండూ పాడైనయి, ఖమ్మం తీసుకపోవాలన్నరు. మిషను మీద ఊపిరి పోసుకుంట ఖమ్మం పోయినం. అక్కడ చానా రోజులు ఉన్నడు.

మర్నాడు బాంబు స్క్వాడ్ కల్వర్టు తవ్వింది. పాల క్యాన్ నిండ పేలుడు మందు. బయటికి తీసి పక్కన పెట్టినప్పుడు వంటాయన ఒక్కడే రోడ్డు మీద కూర్చొని ఏడ్చిండు. ఉప్పునీళ్ల చెంబు యాదికొచ్చిందంట.

విచారణ అయింది. ఆ తర్వాత మందు ఏదైనా కంపెనీ డబ్బాలోనే ఉండాలె, తాగేవాటితో ఒకే బండిలో రావద్దని ఆర్డరు వచ్చింది. మంచి ఆర్డరే. ఆ ముసలామె సంగతి అడిగించిన. వాళ్ల గూడెంలోనే ఉందని మాత్రం చెప్పిన్రు. అంతకన్న తెలుసుకోలేకపోయిన.

నేను సర్వీసు అయిపోయి వైరా వచ్చిన. మెకానిక్ షాపు పెట్టుకున్న. మిర్చి యార్డుకు పోయొచ్చేటోళ్లు, కార్లు ఉన్నోళ్లు వచ్చి, "అన్నా, ఇంజెక్టర్ల మందు పోస్తే నిజంగ పని చేస్తదా?" అని అడుగుతరు. చేస్తదని నేనంట. ఎంత కలపాలో చెప్త. డబ్బా సంగతి గూడ చెప్త. కొందరు నవ్వుతరు, ఇంత చిన్న దానికి గంత చెప్పాల్నా అని.

కల్లూరాయన బతికిండు. ఫోర్సు వదిలేసిండు. జూలీని గూడ రిటైర్ చేసి ఆయనకే ఇచ్చిన్రు. మొన్న ఎండాకాలం చూడబోయిన. వాకిట్లో మంచం మీద కూర్చొని ఉన్నడు. నాలుగు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటడు. నన్ను చూసి, "ఏందన్నా, ఇంత లావైనవ్" అని నవ్విండు. చానాసేపు ముచ్చట పెట్టుకున్నం. పత్తి గురించి, బిడ్డ బడి గురించి. ఆ రోజు గురించి ఒక్క మాట గూడ రాలే.

"దూప అయితుంది" అన్నడు లోపలికి చూసి.

ఆయన భార్య స్టీలు గ్లాసులో నీళ్లు తెచ్చింది. కుండలో నుంచి తన చేతితోనే ముంచిన నీళ్లు. గడప దగ్గర ఆగి గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసింది. తర్వాత భర్త చేతికిచ్చింది. ఆయన అందుకొని, ఆమె మీద నమ్మకం లేక కాదు, గ్లాసు ముక్కు దాక తెచ్చి తను గూడ వాసన చూసిండు. కండ్లు మూసుకొని, మెల్లగ. అప్పుడు తాగిండు.